పుర్రచేతి ఓనమాలు

రంపపు మిల్లు నా కుడిచేతి చూపుడువేలు తీసుకుంది.
తీసుకుని, ఏమీ ఎరగనట్టు
సాయంత్రం దాకా ఓక్ దుంగల్ని కోస్తూనే ఉంది.

అది మార్చిలో.
సెప్టెంబరు మొదట్లో ఎల్డన్ ప్రూయిట్ కొట్టుకెళ్ళాను.
ఎడమచేతికో రివాల్వరు కావాలన్నాను.
అతను నవ్వలేదు. నవ్వనందుకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.
గాజుబల్ల మీద పాత తువ్వాలు పరిచి
సంతలో చేపలు పేర్చినట్టు నాలుగు పేర్చాడు.

ఒకటి నికెలు పూత, తళతళ.
నా గడ్డంలో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు.
గురి చూసుకోవడానికి వచ్చాను గానీ
మొహం చూసుకోవడానికి కాదన్నాను.
రెండోది మాగ్నం.
దాంతో ఉడుతని కొడితే
మా ఆవిడ పులుసులోకి తోక మిగుల్తుంది.
మూడోది తేలిక,
చేతిలో ఉన్న సంగతి చెయ్యే మర్చిపోయేంత తేలిక.
వణికే చేతికి బరువే కదా ఊతం.

నాలుగోది పాతది, ఇరవైరెండు బోరు,
ఆరంగుళాల గొట్టం.
ఒరలోంచి తీసీ పెట్టీ
కొసన నీలం అరిగి ఉక్కు తేలింది.
తలుపు తీసి, చక్రం తిప్పి
ఆరు గదులూ ఖాళీ అని ఎల్డన్ చూశాడు,
నా చేతికిచ్చాక నేను చూశాను.
మా కొండల్లో మర్యాదంటే అది.

వాల్‌నట్ పిడి మీద చిన్న గుంట.
ఎవరి బొటనవేలో ఏళ్ళ తరబడి ఆనిన చోటు.
నా బొటనవేలు పెట్టాను. సరిపోయింది.
అప్పుడు తట్టింది, గుంట పిడికి కుడిపక్కన ఉంది.
"ఎవరిదిది?"
"స్కూలు బస్సు నడిపేది, హెస్టర్ గూచ్. పుర్రచేతి మనిషి."
తూటాలు వేసే తలుపూ కుడిపక్కనే.
అందరూ చేతులు మార్చుకుని తంటాలు పడే చోట
నేను తాపీగా ఒక్కొక్కటీ జారవిడవొచ్చు.
బేరమాడలేదు.

కొట్టం వెనక మట్టిగట్టుకి
కాగితం పళ్ళెం, మధ్యలో బొగ్గుచుక్క.
పదిహేను అడుగులు.
మొదటిరోజు యాభై తూటాలు, పళ్ళేనికి రెండు చిల్లులు.
అందులో ఒకటి మార్వెల్ కొట్టిన మేకుది.

ఎడమచెయ్యి ఇన్నాళ్ళూ ఏం చేసింది?
మేకు పట్టుకుంది, సుత్తి దెబ్బలు తింది.
కాగితం కదలకుండా పట్టుకుంది, సంతకం ఇంకొకరు చేశారు.
అరవైమూడేళ్ళకి దానిచేత ఓనమాలు దిద్దిస్తున్నాను.
చెయ్యి పట్టి దిద్దించే పంతులు లేడు.
హామరు లాగు. ఊపిరి సగం వదులు. ఆగు.
నొక్కకు.
పండిన కాయ తొడిమ వదిలినట్టు
దానంతటది వదలాలి.
అక్టోబరుకి చుక్క చుట్టూ చిల్లులు
గింజలకి మూగిన పిచ్చుకల్లా దగ్గరపడ్డాయి.

అప్పుడు అడవికెళ్ళాను.
హికరీ మాను కింద, వీపు ఆనించి.
తెల్లారేసరికి టోపీ మీద పొట్టు రాలుతోంది,
పైన ఎవరో కాయలు కొరుకుతున్నారు.
రంపపుపొట్టు కింద నలభై ఏళ్ళు నిలబడ్డవాణ్ణి,
ఈ పొట్టు ఎంత మెత్తగా ఉందో.
ఆకాశం మీదకి పేల్చకూడదు. కాచుకున్నాను.
కాళ్ళు తిమ్మిరెక్కాయి. కాఫీ మీదకి మనసు పోయింది.
ఉడుత దిగింది, బెరడుకి అతుక్కుని, తల కిందికి.

ముందు కదిలింది లేని వేలు.
నిజం, కుడిచేతిలో, గాలిలో, అది వంగింది.
ఆ తర్వాతే ఎడమది.
కొమ్మ విరిగినంత చప్పుడు.

వెచ్చగా ఉంది, అరచేతంత బరువు.
దాని బుగ్గలో ఇంకా కాయముక్క.
కాసేపు ఏమీ అనుకోలేదు.
తర్వాత సంచిలో వేసుకున్నాను,
ఆ రాత్రి పిండిముద్దలతో పులుసు, రెండోసారి వడ్డించుకున్నాను.

పేలకుండా మిగిలిన తూటాలు తీసి పెట్టెలో సర్దాను,
ఒకటి చొక్కా జేబులో ఉండిపోయింది.
ఉతికేముందు మార్వెల్ జేబులు వెతుకుతుంది.
ఇన్నేళ్ళూ దొరికింది పొట్టు, వంగిన మేకులు.
ఈసారి దొరికినదాన్ని వెలుతురులో తిప్పి చూసి
వంటింటి కిటికీ గట్టు మీద
ఉప్పుడబ్బా పక్కన నిలబెట్టింది,
ఎడమవైపు,
నాకు అందేలా.