వందకి యాభై నాలుగు

ముత్తుకూరు. మే నెల. కరెంటు పోయిన మధ్యాహ్నం.
"చేత్తోనే గీయి" అంది షంషాద్ మేడం
చదరాల కాగితం నా ముందుకు తోసి.

మైపాడు, కోరుటూరు, గంగపట్నం,
రామతీర్థం, ఇసకపల్లి.
ఐదు గుంటల రొయ్యలు, ఐదు వరుసల అక్షరాలు.
ఆరో వరుస
దస్తగిరి వ్యానులో మిగిలిన ఆఖరి సంచి అడుగుది.

ఏ, టీ, జీ, సీ.
గుణింతాలు లేవు, ఒత్తులు లేవు.
ఈ నాలుగక్షరాలే తెల్లమచ్చై
మూడు వారాల్లో నలభై ఎకరాలు మింగాయి.

ముందు వరస కుదర్చాలి.
వల బాగుచేసే మా పెద్దమ్మ చెంగమ్మ
తెగిన చోట వేలు దూర్చి
కన్ను పక్కన కన్ను చూసుకున్నట్టు
అక్షరం కింద అక్షరం.
రాలిపోయిన చోట చిన్న అడ్డగీత.

నిన్న రామతీర్థం కొమ్మ
పేజీ దాటి పోయింది.
"ఇదేదో సముద్రం అవతలి జబ్బు మేడం!"
గుండె దడదడలాడుతూ చెప్పాను.
ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంది.
"కొసలు కత్తిరించావా?"
లేదు.
మిషను తడబడి చదివిన చివరి ముక్కల్ని
నేను చరిత్ర అనుకున్నాను.

ఈరోజు కత్తిరించాను. తేడాలు లెక్కపెట్టాను.
మైపాడుకీ ఇసకపల్లికీ రెండే.
మధ్యలో పెన్న అడ్డముంది,
అయినా రెండే.
అతి దగ్గరివాళ్ళని ముందు కలుపు,
కలిపాక ఇద్దరినీ ఒకరే అనుకో,
మళ్ళీ లెక్కపెట్టు, మళ్ళీ కలుపు.
పెన్సిలు మొన అరిగింది.

కొమ్మలు కలిసే చోట చుక్క పెడతాం.
ఆ చుక్కని ఎవరూ ఐసు పెట్టెలో తేలేదు,
ఏ గుంటలోనూ వల వేసి పట్టలేదు.
"ఉంది" కాదు, "ఉండేది" కాదు,
"ఉండి ఉండాలి."
మన భాషలో ఆ క్రియ ఒకటుంది కదా,
దానికి బొమ్మ గీస్తే ఆ చుక్క.

"మరి దీనికి వేరెక్కడ మేడం?"
కొంకికి చొక్కా తగిలించినట్టు
ఏ కొమ్మ పట్టుకుని వేలాడదీసినా వేలాడుతుంది.
లోపలివాళ్ళు ఒకరినొకరు చూపించుకుంటారు,
మొదలెటో చెప్పాలంటే
బయటివాడొకడు రావాలి.
ఫ్రీజరు అడుగునుంచి తీసింది
పన్నెండేళ్ళ నాటి గొట్టం,
ఈ ఒడ్డుది కానిది.

నాలుగున్నరకి కరెంటొచ్చింది.
కరెంటుతో పాటే కోటారెడ్డొచ్చాడు,
గంగపట్నంలో ఆరెకరాలు పోగొట్టుకున్నోడు.
"ఎవుడు తెచ్చాడో ఒక్క మాట చెప్పమ్మా.
ఆ దస్తగిరేనా?"
అప్పటికే వ్యాను టైర్లు రెండు కోసేశారు.
టీకొట్లో అతని గ్లాసు వేరే పెడుతున్నారట.

కంప్యూటరు వెయ్యిసార్లు గీసింది.
నిలువు వరసల్ని చీట్లలా కలిపి,
తీసిన చీటీని మళ్ళీ డబ్బాలో వేసి,
మళ్ళీ తీసి.
దస్తగిరి సంచినీ గంగపట్నాన్నీ
జంటగా కలిపిన కొమ్మ దగ్గర
ఒక అంకె నిలబడింది: యాభై నాలుగు.

వందకి యాభై నాలుగు.
బొమ్మా బొరుసా కన్నా నాలుగు ఎక్కువ.

"ఏంది మా, ఇంత చదివి సగం సగం చెప్తావు?"
నాకు సిగ్గేసింది.
దగ్గరితనం చెబుతుంది గానీ
దోషం చెప్పదు ఈ చెట్టు,
దగ్గరితనం కూడా ఇక్కడ గట్టిగా చెప్పట్లేదు
అని చెప్పబోయి నీళ్ళు నమిలాను.
మేడం సాయం చెయ్యలేదు. చూస్తూ కూచుంది.

ఆ కొమ్మని మడిచేశాను.
సంచి, గంగపట్నం, కోరుటూరు
ఒకే చుక్కనుంచి మూడు గీతలు,
తడిమట్టిలో కోడి కాలిలా.
"ఇంతవరకే తెలుసు రెడ్డిగారూ.
ఇంకా నలభై గొట్టాలు కావాలి.
మీ పక్క గుంటలవి కూడా."

ప్రింటు తీసి ఇచ్చాను.
గుమ్మంలో ఎండకి ఎత్తి పట్టుకుని
చాలాసేపు చూశాడు, తలకిందులుగా.
సరిచేద్దామని లేచి
కూచున్నాను.
ఎటు తిప్పినా
ఎవరికెవరు దగ్గరో మారదు.