తెగాల్సిన పోగు

బెండపువ్వు విప్పి చూపించింది గవరమ్మప్ప.
లేత పసుపు రేకులు, లోపల వంగపండు రంగు మచ్చ.
"కొండపత్తి పువ్వు నాగ లేదేటే? సూడు.
ఒక తల్లి పిల్లలే ఇవి.
ఒకత్తి గుడ్డకెల్లిపోనాది, ఒకత్తి కూడుకొచ్చినాది."

పొందూరులో ఆదివారం. రాట్నానికి సెలవు.
పొయ్యి పక్కన నేను, నోటుపుస్తకంతో,
ఆమె పులుసును కొలతల్లో పట్టుకుందామని.

చింతపండు ఎంత అప్పా?
"సీతంపేట సంతలో సవర ముసల్ది
దోసిలితో ఇచ్చింది.
దాని దోసిలి నీ బుక్కులో పడతాదేటి?"

ఉప్పు నౌపడ మళ్ళది.
వాన ముందే దిగిందట ఈ ఏడు,
రాళ్ళు కాస్త బూడిదరంగు.
బెల్లం నల్లది; పాకంలో ఇరుక్కున్న చీమను
గోటితో గీకి పారేసి,
చీమంత బెల్లమూ దానితో పోయిందని విసుక్కుంది.

మరి బెండ?
"ఓడెక్కొచ్చిందట, కళింగపట్నం రేవుకి."
ఎవరు చెప్పారు?
"మాయత్త. సేనా అబద్దాలాడీది గానీ
ఇత్తనాల కాడ మాత్రం ఆడీది కాదు."

పాత ఖద్దరు పీలికతో
ఒక్కో కాయనీ పసిబిడ్డ ఒళ్ళులా తుడిచింది.
తడుంటే జిగురు రేగుతుందట.
కోస్తుంటే కత్తి అంచు నుంచి బొటనవేలి దాకా
సన్నగా సాగిందొక పోగు.
వెలుగుకి ఎత్తి, కన్ను చికిలించి,
"ఎనభై కౌంటుంటాది" అని నవ్వింది.

గోడకి, మేకు మీద, వాలుగ చేప దవడ:
దూదిలో నలకలు దువ్వే సన్నపళ్ళు.
ఆ చేప ఎవరింటి పులుసులో ఉడికిందో.
మాకు పళ్ళు వచ్చాయి.

ఉల్లి మగ్గింది, మెంతులు ఎర్రబడ్డాయి,
ముక్కలు నూనెలో ఒళ్ళు ముడుచుకున్నాయి.
పులుపు పోసి, గరిటె ఎత్తి చూసింది.
సాగుతోంది.

వారమంతా ఆమెకు ఒకటే భయం, పోగు తెగకూడదని.
తెగితే ముడి. ముడి కనబడితే
లెక్క రాసేవాడి మొహం.
రాత్రి నిద్రలో కూడా
చూపుడువేలూ బొటనవేలూ
లేని దూదిని నలుపుతుంటాయి.

ఇంకాస్త పులుపు. ఎత్తింది. సాగింది,
కానీ బలహీనంగా.
బియ్యప్పిండి నీళ్ళు. సెగ తగ్గించి
మళ్ళీ ఎత్తితే
గరిటె నుంచి బొట్లు బొట్లుగా రాలింది.
"తెగిపోనాది!"
ఆ నోట ఆ మాట సంతోషంగా వినడం
నాకు అదే మొదలు.

నా పుస్తకంలో ఆ రోజు ఒక్కటే లైను:
బెండకాయలు, పావుకిలో.
అదీ సరి కాదు, రెండు ముదిరితే తీసేసింది.

సోమవారం చీకటుండగానే
మిగిలిన పులుసు చద్దిలో కలుపుకుని తిని
బూడిదతో ఒకసారి, నీళ్ళతో రెండుసార్లు
చేతులు కడుక్కుంది.
వేళ్ళు వాసన చూసుకుని
ఇంకోసారి కడుక్కుని
రాట్నం ముందు కూర్చుంది.