పదకొండో రౌండు

క్లైపెడా రేవులో రాత్రి కాపలా నాది.
కీల్ నుంచి రావలసిన ఫెర్రీ
పొగమంచులో ఎక్కడో ఆగి బొబ్బరిస్తోంది.
గేటు గదిలో హీటరు ఒక పక్కకే కాస్తుంది:
ఎడమ మోకాలికి జూలై,
కుడి మోకాలికి జనవరి.

ఈ రాత్రే మా డ్రాఫ్టు.
లేని మనుషుల్ని పంచుకోడానికి
పన్నెండుమందిమి తెరల ముందు కూర్చున్నాం.
పానెవేజిస్‌లో ఎయిముతిస్ దిద్దాల్సిన పేపర్లు పక్కకి నెట్టాడు.
ల్యుద్వికకి పిండి పొంగేదాకానే తీరిక,
తర్వాత బేకరీ ఆమెని పిలుచుకుంటుంది.
జిగిమాంతస్ మాత్రం ప్రతి ఏడూ
గడియారం అయిపోయే క్షణందాకా నోరు విప్పడు,
చివరికి అందరూ తీసుకోబోయేవాణ్నే తీసుకుంటాడు.

మా ఆటగాళ్లకి అమ్మలుండరు.
కంప్యూటరు ఒక సంచిలో చెయ్యిపెట్టి ముందుపేరూ
ఇంకో సంచిలోంచి ఇంటిపేరూ తీసి ముడేస్తుంది.
అలా పుట్టినవాడే ఒర్లాండో జిలిన్‌స్కస్.
ఏ చర్చి రిజిస్టరూ ఎరగని పేరు.
ఎత్తు నూట ఎనభై ఎనిమిది. పాసింగ్ తొంభై ఒకటి.
షూటింగ్ గురించి మాట్లాడుకోవద్దు.

మొదటి సీజన్లో, వాడి పంతొమ్మిదో ఏట, నేనే తీసుకున్నాను.
ఆరేళ్లు నా జట్టుని నడిపించాడు.
ఆపైన ఒక ఏడడుగుల సెంటరు కోసం అమ్మేశాను.
ఆ సెంటరు మోకాలు పదకొండో ఆటకే విరిగింది,
లేని మోకాలు,
అయినా ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

నేనూ ఒకప్పుడు నిజం బంతితోనే ఆడాను.
మా అపార్ట్‌మెంట్ల వెనక, గరాజుల మధ్య,
వల ఊడిన ఇనప రింగు కింద.
ఇద్దరు కెప్టెన్లు. ఒక్కొక్కరినీ వేలు చూపించి పిలిచేవాళ్లు.
పిలుపు అందినవాళ్లు అటో ఇటో వెళ్లేకొద్దీ
నా చుట్టూ నేల ఖాళీ అయ్యేది.
ఒకరోజు చివరికి ఇద్దరమే మిగిలాం,
నేనూ, చేతికి పిండికట్టు వేసుకున్న ఒక అబ్బాయీ.
పిండికట్టే ముందు వెళ్లింది.

రౌండ్లు నడుస్తున్నాయి.
పొడుగువాళ్లు పోయారు, గురి ఉన్నవాళ్లు పోయారు.
పదో రౌండులో టీ పోసుకుంటూ
ఎవరో కుర్రాడి మీద నొక్కేశాను, పేరు కూడా చదవలేదు.
పదకొండు.
జాబితా అడుగుకి జారుకుంటూ వెళితే
అక్కడున్నాడు.
వయసు ముప్ఫై ఐదు. వేగం నలభై రెండు.
పక్కన చిన్న బూడిదరంగు అక్షరాల్లో:
ఈ సీజను తర్వాత ఆట మానేస్తాడు.
కాళ్లు పోయాయి. చూపు పోలేదు,
పాసింగ్ ఇంకా ఎనభై ఎనిమిది.

తొంభై సెకన్లు.
పొగమంచు చీల్చుకుని ఫెర్రీ దీపాలు.
మొదటి లారీ గేటు ముందు ఆగింది.
డ్రైవరు అద్దం మీద వేలిముడుకులతో కొట్టి
తడిసిన కాగితాలు చూపిస్తున్నాడు.
నలభై. ముప్ఫై ఒకటి.
ఒక చేత్తో ముద్ర వేశాను,
ఇంకో చేత్తో వాణ్ని పిలిచాను.

"మ్యూజియం పెడుతున్నావా?" అని ఎయిముతిస్.
ల్యుద్విక ఏమీ అనలేదు. పిండి పొంగినట్టుంది.

లారీలన్నీ వెళ్లిపోయేసరికి అయిదైంది.
మొదటి ఆట ఫలితం వచ్చి ఉంది: ఓడిపోయాం,
ఇరవై రెండు పాయింట్ల తేడాతో, సిగ్గులేకుండా.
జిలిన్‌స్కస్: నాలుగు నిమిషాలు, సున్నా పాయింట్లు,
ఒకసారి బంతి పోగొట్టుకున్నాడు.
అసిస్టులు మూడు.
ఎవరికిచ్చాడా అని వెతికాను.
మూడూ ఆ కుర్రాడికే,
టీ పోసుకుంటూ నేను నొక్కినవాడికి.
అప్పుడు చదివాను వాడి పేరు.