ఇతరములు

నైరోబీలో నాలుగో అంతస్తు. లిఫ్టు చెడిపోయి మూడు వారాలు.
మూడువందల పన్నెండు ప్రశ్నాపత్రాలు
రెండు ఉల్లిపాయల గోతాల్లో నేనే మోసుకొచ్చాను.
మనిషికో నంబరు. పేర్లు ఉండకూడదు.
జవాబు రాయనివాళ్ళకి తొంభై తొమ్మిది.

పరిశోధన డాక్టర్ నాసిమియుది. అంకెలు ఎక్కించడం నాది.
ఇంజనీరింగ్ చదివి, సైన్సు చదివి,
ఉద్యోగంలో చేరి పదేళ్ళు తిరక్కుండా
మానేసిన ఆడవాళ్ళు ఎందుకు మానేశారన్నది
పద్నాలుగో ప్రశ్న.
పెళ్ళి అయితే ఒకటి. పిల్లలైతే రెండు.
ఆరోగ్యం మూడు, జీతం నాలుగు.
ఐదు, ఇతరములు.
ఇతరములకి ఎదురుగా ఒక గీత, వేలెడు పొడుగు.

వేలెడు గీత మీద ఎంతని పడుతుంది?
ఒకామె "అలిసిపోయాను" అని రాసింది.
ఒకామె "మా బాసుని అడగండి."
ఒకామె ఏదో రాసి, కొట్టేసి, కొట్టివేత మీద మళ్ళీ కొట్టేసి,
ఆఖరికి పిల్లలు అన్నచోట టిక్కు పెట్టింది.
ఏడో ప్రశ్న ప్రకారం ఆవిడకి పిల్లలు లేరు.
నేను రెండు అని ఎక్కించాను.
ఎక్కించి, లేచి వెళ్ళి టీ పెట్టుకున్నాను.

నేను చెప్పాలనుకున్నది ఇది కాదు.

రెండువందల పదిహేడు.
ఓల్కారియా, నేల పొట్టలోంచి ఆవిరి పట్టి కరెంటు తీసేచోటు.
డ్రిల్లింగ్ ఇంజనీరు, ఆరేళ్ళ నాలుగు నెలలు.
నెలలు కూడా రాసింది.
పద్నాలుగో ప్రశ్న దగ్గర అక్షరం లేదు.
స్టేప్లర్‌తో కొట్టిన ఒక తోలుముక్క,
గ్లవ్ చూపుడువేలి కొస.
అంచు మాడి నల్లబడింది. లోపల ఇంకా గ్రీజు వాసన.

కాయితం వెనక చీమల బారులా:
"స్టోర్లో ఒకటే సైజు.
చిన్నవి తెప్పించమని పదకొండుసార్లు రాసిచ్చాను.
వేళ్ళ కొసలు నేనే కత్తిరించి కుట్టుకున్నాను.
వాల్వు తిప్పుతుంటే కుట్టు ఊడింది.
విచారణలో నా నిర్లక్ష్యమని రాశారు.
గ్లవ్‌ని ఎవరూ ఏమీ అడగలేదు."

ఎవరివైపూ వేలెత్తి చూపలేదు ఈమె.
వేలే పంపించేసింది.

కంప్యూటరు ఆ గడిలో అంకె తప్ప ముట్టదు.
డాక్టర్ నాసిమియు బల్ల మీద పెట్టాను.
పిన్ను తియ్యకు, అంది ముందు.
కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది.
తర్వాత, ఎప్పుడూ చెప్పని సంగతి,
కుర్రతనంలో తన ల్యాబ్ కోటు చేతులు నాలుగు మడతలు పెట్టేదట,
ఐదోది ఒకసారి బర్నర్‌కి అంటుకుందట.
అని, వెంటనే గొంతు సవరించుకుని,
"ఒక్కమనిషి కోసం కొత్త కోడు పెట్టలేం, మ్వెండే.
వెతుకు. ఇంకా ఉంటారు."

గోతాలు మళ్ళీ కుమ్మరించాను.
మార్జిన్లలో, మడతల్లో, వెనకపేజీ అడుగున ఉన్నారు.
కాలికి రెండు జతల మేజోళ్ళు తొడిగితేగాని నిలవని బూట్లు.
ఏడో నెల పొట్ట మీద బిగియని బెల్టు.
టవరెక్కే నిచ్చెన, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఒక మగవాడి కాలు.
మరుగుదొడ్డి రెండు కిలోమీటర్లు, అందుకని
పొద్దుటినుంచీ నీళ్ళు తాగని ఒక కెమిస్టు.
నలభై ఒక్కమంది.
లెక్కపెట్టడం నా ఉద్యోగం,
లెక్కచేయడం ఎవరి ఉద్యోగమో.

ఆరో కోడుకి పేరు పెట్టడానికి రాత్రి పదైంది.
"పరికరాలకు సరిపడలేదు" అని రాశాను నేను.
ఆవిడ ఎర్రసిరాతో అడ్డంగా గీసింది:
తప్పు మనిషిదేనని మనమే ఒప్పుకున్నట్టుంది.
చివరికి నిలిచింది మూడు మాటలు:
ఆమె కొలత తీసుకోలేదు.

ఆవిడ వెళ్ళాక తాళం వేయబోతూ
ఆ తోలుకొసలోకి వేలు పెట్టి చూశాను, పిన్ను కదలకుండా.
నాకూ వదులే.

ఫిజిక్సు రెండో ఏడు సగంలో వదిలేశాను నేను.
ఈ గోతాల్లో ఆ కాయితం లేదు.
నాకెవరూ పంపలేదు.