ఇరవయ్యేడు

అంబాజీపేటలో మా కొబ్బరి కొట్టు ఫోనుకి
వేలు పెట్టే బెజ్జాలు లేవు.
పక్కన ఓ పిడి.
చెరకురసం మిషనులా మూడు చుట్లు తిప్పితే
బస్టాండు వెనక పెంకుటింట్లో
ఒక ఇత్తడి రెప్ప టప్పున వాలేది.
"నంబర్?" అనేవారు భ్రమరాంబ గారు.

నంబర్లు ఎవరికి గుర్తు?
"డాక్టరు గారికివ్వండి" అంటే
"పుల్లేటికుర్రు వెళ్ళారు, నాలుక్కి చూడండి."
"పీచుమిల్లండి" అంటే
"ఎవరిది, అన్నదా తమ్ముడిదా?
మొన్నే వేరుపడ్డారుగా."
తీగ కొస తీసి ఇంకో గుంటలో గుచ్చి
ఊరిని ఊరికే కలిపేవారు.

ట్రంకు కాల్ సంగతి వేరు.
పొద్దున్న బుక్ చేస్తే కలకత్తా దీపాల వేళకి,
అదీ నూతిలోంచి పలికినట్టు.
దింపు రోజుల్లో షావుకారు
అన్నం కలుపుతూ కూడా చెవి ఇటే పడేసేవాడు.
పక్క కొట్టుకి కలిపాకే మాకు కలిపేది,
కురిడీ ధర ఆవిడకి ముందే తెలుసు.
ఏనాడూ నోరు జారలేదు.
కాకపోతే "మాట్లాడండి" అన్న ముక్క
కాస్త మెల్లగా అన్నారంటే
కలకత్తా గొంతు వినకుండానే
షావుకారు కుర్చీలో కూలబడేవాడు.

తర్వాత జీపులో కొత్త ఫోన్లు దిగాయి.
పది బెజ్జాల చక్రం.
సున్నా తిప్పితే
పంటు అవతలి రేవుకెళ్ళి వచ్చినంత సేపు.
షావుకారు వేలు పట్టలేదు,
పెన్సిలు పెట్టి నేనే తిప్పేవాణ్ణి.
డాక్టరు గారింట్లో మోగింది, మోగుతూనే ఉంది.
పుల్లేటికుర్రు వెళ్ళారని
చక్రానికేం తెలుసు?

ఇత్తడి రెప్పల బోర్డుని తూకానికి అమ్మేశారు.
ఆవిడని బిల్లుల బల్ల దగ్గర కూర్చోబెట్టారు, రిటైరయ్యేదాకా.

ముక్కామలలో ఇంటికి ఫోను పెట్టించుకున్నారని విని
ఓ ఆదివారం తిప్పాను.
నాలుగంకెలు, నడుమ రెండు సున్నాలు.
ఎత్తారు.
ఎత్తి, "నంబర్?" అన్నారు.

నా నోటికీ అదే వచ్చింది:
"ఇరవయ్యేడండి."
నేను కూర్చున్న కొట్టుదే,
ఎప్పుడో తీసేసిన నంబరు.

కాసేపు ఎవరినీ ఎవరికీ కలపకుండా ఉండిపోయాం.
అరుగు మీద కాయలు లెక్కెడుతున్నారు,
లాభం... రెండు... మూడు...
అటు వినబడినట్టుంది.

"పక్క కొట్టు వాళ్ళకి చెప్పన్లే గాని,
ఇవాళ కురిడీ ఎంతుందబ్బాయ్?"
అన్నారు.