లంఖణం

త్బిలిసిలో, నాలుగో అంతస్తు చెక్క వసారాలో
జుజునా లావెండర్లు పాలిపోయాయి.

ముప్పై ఏళ్లు బడి వంటశాలలో
గరిటె తిప్పిన చెయ్యి.
డబ్బా మీద నెలకో చెంచా అని రాసుంటే
వారానికి రెండు వేసింది.
వాడుతున్నకొద్దీ, ఆకలేమో పాపం అని
ఇంకొకటి.

కింది వాటా ఓతార్, ఒకప్పటి కెమిస్ట్రీ మాస్టారు,
కుండీ అడుగున కారిన నీళ్లలో
నీలం లిట్మస్ ముంచాడు.
మెలిపెట్టిన చెవిలా
ఎర్రబడింది కాగితం.
"పెట్టి పెట్టి మట్టిని పులియబెట్టావమ్మా."

చిక్కుడు గింజలు కడిగినట్టు
మూడుసార్లు నిండా నీళ్లు పోసి వార్చారు.
చిటికెడు సున్నం, పైపైన కలిపి.
ఇక రెండు నెలలు ఎరువు మాటెత్తకూడదు.

నీళ్లు సరే. సున్నమూ సరే.
ఏమీ పెట్టకుండా ఉండటం
ఆమెకెవరూ నేర్పలేదు.
పొద్దున్నే వసారా గుమ్మం దాకా వచ్చి
చెంచాని ఆప్రాన్ జేబులో దాచుకుని
వెనక్కి వెళ్లేది.

జూన్‌లో, ఒకే ఒక్క కొమ్మకి
బూడిదరంగు చిగురు.
చూడ్డానికొచ్చిన ఓతార్
రెండో ముక్క జున్నురొట్టె తిని
చాలు చాలంటూ
పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆ చేతి మీదే
మూడోది పెట్టింది.