కొట్టేసిన గీత కింద

పతకాన్ని బొమ్మవైపు చూడం మేము.
బొమ్మ అందరిదీ ఒకటే:
తాడు వలయంలో పొగ వదిలే చిన్న ఓడ,
కత్తెర వేసిన రెండు తెడ్లు.
తిప్పితేనే మనిషి.

నలభై ఏళ్ళు రాక్‌లాండ్ రేవులో నాది పేర్లు చెక్కే కొట్టు.
బౌలింగ్ కప్పులు, కుక్కల పట్టెడలు,
బారసాల చెంచాలు.
అందుకే లూసీల్ థిబడో తన సంత బల్ల కింద
తుప్పు మేకుల డబ్బాలోంచి దీన్ని తీసి
"తొమ్మిది డాలర్లు, రిబ్బన్ లేదు గనక ఏడు" అన్నప్పుడు
నేను ముందు చదివింది పేరు కాదు,
చెక్కిన చేతిని.

ఎల్డెన్ ఆర్. స్ప్రౌల్. 1934.
ఇంటిపేరు మొదట్లో ఆ పాములాంటి ఎస్,
మెలిక తిరిగేచోట గంటం జారింది.
జారినవాడు ఆగలేదు.
గాటునే కాస్త లావు చేసి
సొగసు కోసం చేసినట్టు దాటిపోయాడు.
నేనూ చేశాను ఆ పని,
ఓ బిషప్‌గారి వెండి గిన్నె మీద.
ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

కోస్ట్ గార్డ్ వాళ్ళ సత్ప్రవర్తన పతకం ఇది.
మునిగేవాణ్ణి జుట్టు పట్టి లాగినందుకు కాదు.
కొలువు పొడుగునా తాగి రానందుకు,
తిరగబడనందుకు,
పడవ అడుగు గీకమంటే గీకినందుకు.
వీరుడైతే పేపర్లో దొరుకుతాడు.
బుద్ధిమంతుణ్ణి ఎక్కడని వెతకను?

ఉత్తరం రాశాను. డబ్బు కట్టాను.
ఐదు నెలలకి లావుపాటి కవరు,
డంకర్ పాయింట్ లైఫ్‌బోట్ స్టేషన్ దినచర్య, నకలు.
గాలి వాయవ్యం. పొగమంచు.
తీరం కాపలా: స్ప్రౌల్, ఎనిమిది నుంచి పన్నెండు.
గాలి ఈశాన్యం. మంచు.
తీరం కాపలా: స్ప్రౌల్, పన్నెండు నుంచి నాలుగు.
నాలుగు మైళ్ళ నడక, చివర ఒక గుంజ,
గుంజకి గొలుసుతో తాళంచెవి,
మెడలోని గడియారంలో అది తిప్పితేనే
వెళ్ళాడని రుజువు.
ఆరు వందల పేజీలు తిప్పాను.
మనిషి ఎక్కడా తడబడడు.
నిజం చెప్పొద్దూ, విసుగేసింది.

అప్పుడు వచ్చింది 1932 నవంబరు, ఒక శుక్రవారం.
"స్ప్రౌల్ సెలవు నుంచి రెండు గంటలు ఆలస్యంగా..."
ఆపైన వాక్యమంతా ఒకే గీత.
పక్కన పొడి సంతకం: ఏ. బి.
స్టేషన్ పెద్ద, ఆల్వా బీల్.

భూతద్దం పెట్టాను.
కంగారులో కొట్టేసిన గీత కాదది. స్కేలు పెట్టి గీసింది.
మసి పూయలేదు, గీకి చించలేదు,
కింద మాట ఎవరైనా చదువుకునేట్టే ఉంచి
లెక్కలోంచి మాత్రం తీసేశాడు.

ఆ వారం పేపరూ తెప్పించాను.
హెర్రింగ్ ధర పడిపోయింది.
ఫిన్నుల హాల్లో డాన్సు, ప్రవేశం పావలా.
మిల్ క్రీక్ మీద చెక్కవంతెన కొట్టుకుపోయింది.
వంతెన అనుకోవాలని ఉంది నాకు.
డాన్సే అయ్యుంటుంది.

ఇంత కంచు, ఇంత గుండ్రం,
రెండు గంటలకి కళ్ళు మూసుకున్న
ఒక ముసలి బోసన్ మీద నిలబడింది.
రాత ఒకడిది, గీత ఇంకొకడిది.

నా అట్టల పెట్టెలో ప్రతి పతకానికీ ఒక అట్ట:
పేరు, సంవత్సరం, స్టేషన్, విశేషాలు.
విశేషాల గడిలో పెన్ను ఆనించి
చాలాసేపు కూచున్నాను.
ఒక చుక్క పడింది.
దాన్ని అలాగే వదిలేశాను.

ఆదివారం లూసీల్ అడిగింది,
"ఏం తేలింది? మంచివాడేనా?"
"ఎస్ దగ్గర జారింది" అన్నాను.
అర్థంకాక నవ్వి, కాఫీ పోసింది.

ఇప్పుడు ఆమె మేకుల డబ్బాలన్నీ
అడుగంటా కెలుకుతున్నాను.
బీల్‌కీ ఒకటి వచ్చే ఉంటుంది.
అది తిప్పి చూడాలి.